కుట్టు సూది పక్కన పెట్టి పైకప్పు చూడటం నేర్చుకున్న రోజులు

ఏ గదిలోకి అడుగుపెట్టినా నా కళ్లు ముందు పైకప్పు వైపే పోతాయి. తడి మరక ఉందా, పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, ఏసీ నీళ్లు ఎటు కారుతున్నాయి, కిటికీలోంచి వచ్చే ఎండ ఏ గోడ మీద పడుతోంది... ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు, రిటైరయ్యాక కూడా వదల్లేదు. లైబ్రరీల్లో, ఆర్కైవ్స్‌లో (పాత పత్రాలు దాచే చోట్లలో) ప్రిజర్వేషన్ విభాగం, అంటే పుస్తకాలూ పత్రాలూ పాడవకుండా చూసే విభాగం నడిపిన వాళ్లెవరిని కదిపినా ఇదే చెబుతారు. పుస్తకానికి అన్నిటికంటే పెద్ద గండం అది ఉన్న భవనమేనని ఈ పనిలో తలపండిన వాళ్లందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ సంగతి ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే నేను పుస్తకాలు కుట్టడం మీద ఇష్టంతో ఈ పనిలోకి వచ్చినదాన్ని.

మొదట్లో నా చోటు కిటికీ పక్క బల్ల. నేరుగా ఎండ పడదు, కానీ కాగితం రంగులో తేడా కనిపెట్టేంత వెలుతురు వస్తుంది. బల్ల మీద బోన్ ఫోల్డర్ (కాగితం మడత నొక్కే ఎముక పలక), స్కాల్పెల్ అనే సన్నటి కత్తి, రెండు మూడు రకాల బ్రష్‌లు, బ్లాటింగ్ పేపర్లు, చిన్న చిన్న బరువులు, పక్కన కుట్టు చట్రం. నాకు పని నేర్పినాయన బైండింగ్‌లోనే జుట్టు నెరిసిన మనిషి. మాట తక్కువ. పుస్తకం చేతికివ్వగానే అట్ట తెరిచేవారు కాదు. ముందు వెన్ను మీద వేళ్లు ఆనించి, మూడు అంచులూ చూసి, అది ఎంతవరకు తెరుచుకోగలదో అంచనా వేసుకున్నాకే తెరిచేవారు. "పుస్తకం ఎంతవరకు ఒప్పుకుంటే అక్కడితో ఆగాలమ్మా" అనేవారు. ఇన్నేళ్లలో నేను చదివిన మాన్యువల్స్ అన్నిటిలో ఇంతకంటే మంచి సూచన దొరకలేదు.

చిరిగిన పేజీ అతకడం ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, బయటివాళ్లకి చూసే అవకాశం ఉండదు కాబట్టి. దీనికి వాడేది జపనీస్ టిష్యూ, కోజో అనే మల్బరీ జాతి మొక్క బెరడు నుంచి చేసే పల్చటి కాగితం. దాన్ని కత్తెరతో కత్తిరించరు. చిరుగు ఆకారంలోనే తడి బ్రష్‌తో గీత గీసి, ఆ తడి గీత వెంబడి రెండు చేతులతో మెల్లగా లాగుతారు. అప్పుడు అంచుల్లో సన్నటి పోగులు నూగులా బయటికొస్తాయి. ఆ నూగే అసలు కాగితంలో కలిసిపోయి పట్టుకుంటుంది. కత్తెరతో కోస్తే అంచు గట్టిగా గీతలా నిలబడుతుంది, తర్వాత పేజీ తిప్పిన ప్రతిసారీ సరిగ్గా ఆ గీత దగ్గరే ఒత్తిడి పడి కాగితం విరుగుతుంది. గోధుమ స్టార్చ్‌ని ఉడికించి, చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, బ్రష్ మీద నిలిచేంత చిక్కగా చేసుకుని, టిష్యూకి రాసి, చిరుగు మీద వేసి, పైన కిందా అంటుకోని పొర ఒకటి పెట్టి, బ్లాటింగ్ పేపర్ వేసి బరువు పెట్టాలి. ఆ తర్వాత తొందరపడకూడదు. తడి పూర్తిగా పోకముందే బరువు తీస్తే కాగితం ముడతలు పడుతుంది. ఎంత పని ఉన్నా ఆ కాసేపు ఆగాల్సిందే, ఆ ఆగడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో ముఖ్యమైనది జిగురు సంగతి. మామూలు తెల్ల జిగురు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కదా అని కొత్తలో ఒకసారి అడిగాను. "గట్టిగా పట్టుకుంటుంది, అదే దానితో చిక్కు. రేపు ఇంకొకరు తియ్యాలంటే కాగితం కూడా దానితోపాటే ఊడొస్తుంది. నీకంటే బాగా చేసేవాళ్లు తర్వాత వస్తారు, వాళ్లకి దారి మూసెయ్యకు" అన్నారు. చేసిన పనిని తర్వాతి తరం వెనక్కి తీసుకోగలగాలి అన్నది ఈ వృత్తిలో పెద్ద నియమం. సెల్లోటేప్ అంటే మా వాళ్లందరికీ ఒళ్లు మండేది అందుకే. అతికించిన నాడు శుభ్రంగానే కనిపిస్తుంది, కొన్నేళ్లకి పైపొర ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా ఉండిపోతుంది. దాన్ని తియ్యాలంటే సాల్వెంట్లు, పొగ లాగే గొట్టం, గంటల కొద్దీ ఓపిక. దయచేసి ఏ పాత కాగితానికీ టేపు వెయ్యకండి.

అదే బల్ల దగ్గర కాగితంలో ఎంత తేడా ఉంటుందో కూడా తెలిసొచ్చింది. 300 ఏళ్ల నాటి పుస్తకం వస్తుంది, పేజీలు ఇంకా తెల్లగా, మెత్తగా, గట్టిగా ఉంటాయి. వందేళ్లు కూడా నిండనిది వస్తుంది, తెరిస్తే ఒడిలో గోధుమరంగు పెంకులు రాలతాయి. కారణం తయారీలో ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు కాగితం ఎక్కువగా పాత గుడ్డపేలికల నుంచే వచ్చేది, వాటి నార పొడవు, బలం ఎక్కువ. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ అనే జర్మన్, సిరా పాకకుండా కాగితాన్ని రోజిన్ అనే చెట్టు బంక, పటికలతో సైజింగ్ చేసే, అంటే తడి పీల్చకుండా గట్టిపరిచే పద్ధతిని బయటపెట్టాడు. 1840లలో చెక్కని నూరి గుజ్జు చేసే పద్ధతి వచ్చింది. రెండూ కలిసేసరికి కాగితం చవకైంది. వార్తాపత్రిక, పాఠ్యపుస్తకం అందరి చేతికీ వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరుతుంది, గాలిలో తేమ తోడై కాగితం నారలోని సెల్యులోజ్ గొలుసులను లోపల్లోపలే తుంచుకుంటూ పోతుంది. వేడి పెరిగితే ఇంకా వేగంగా. పాత పుస్తకాల వాసన బాగుంటుందని చాలామంది అంటారు, నాకూ ఇష్టమే, కానీ అందులో కొంత భాగం కాగితం క్షీణిస్తూ వదిలే వాయువులదే.

విలియం బారో అనే అమెరికన్ 1950లలో ఈ విషయాన్ని లెక్కలతో సహా చూపించాడు. 1900 నుంచి 1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షిస్తే, 50 ఏళ్లకి మించి నిలుస్తుందనిపించిన కాగితం అందులో 3 శాతం పుస్తకాల్లోనే ఉంది. మేము చదువుకునేటప్పుడు ఈ అంకె పాఠంలో చదివి పేజీ తిప్పేశాం. మా స్టాక్‌లో, అంటే పుస్తకాలు నిల్వ ఉంచే గదుల్లో, మేమే సర్వే చేసినప్పుడు దాని బరువు తెలిసింది. పద్ధతి సులువే. ర్యాకుల్లోంచి యాదృచ్ఛికంగా పుస్తకాలు తీసి, ఒక పేజీ కింది మూలను ముందుకీ వెనక్కీ మడిచి, మెల్లగా లాగి చూడటం. మంచి కాగితం ఎన్ని మడతలకైనా ఊరుకుంటుంది. పెళుసుబారింది రెండో మడతకే చేతిలోకి వచ్చేస్తుంది. ఒక నడవ మొత్తం అలా పూర్తి చేసేసరికి నాతో ఉన్న అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. "మేడమ్, బాగున్నవాటికి టిక్ పెడదామా? అవైతే త్వరగా అయిపోతాయి" అంది.

ఆ సర్వే తర్వాత బల్ల దగ్గర కూర్చుంటే మనసు నిలిచేది కాదు. ఏడాదంతా తలెత్తకుండా చేసినా నా చేతిమీదుగా బాగుపడేవి ఒక అలమరలో పట్టేస్తాయి. ఆ అలమర ఉన్న గదిలోనే వేలకొద్దీ పుస్తకాలు వేడికీ తేమకీ ఒకేసారి అరిగిపోతున్నాయి. వైద్యుడు ఒక రోగి మంచం పక్కనే కూర్చుని ఎంత గొప్ప వైద్యం చేసినా, ఊరి మంచినీళ్ల బావి కలుషితమైతే ఏం లాభం? విభాగం బాధ్యత తీసుకోమని అడిగినప్పుడు ఒప్పుకోవడానికి కారణం ఇదే. పదోన్నతి అని అందరూ అభినందించారు. నాకు మాత్రం సాధనాల పెట్టె మూసి వేరే వాళ్లకి ఇవ్వడం ఏడుపొచ్చేంత కష్టంగా అనిపించింది. నాకు పని నేర్పిన పెద్దాయన బోన్ ఫోల్డర్ ఒక్కటి దగ్గర ఉంచుకున్నాను, ఆ తర్వాత మీటింగుల్లో కాగితాలు మడవడానికే పనికొచ్చింది.

అప్పటి నుంచి నా పని ఎక్కువగా మనుషులతోనే. ఇంజనీర్లతో, ఎలక్ట్రికల్ వాళ్లతో, అకౌంట్స్‌తో, హౌస్‌కీపింగ్‌తో. రాత్రి కరెంటు ఆదా అని సాయంత్రం కాగానే స్టాక్ గదుల ఏసీ ఆపేసేవాళ్లు. పొద్దున్నే మళ్లీ వేసేవాళ్లు. కాగితానికి, తోలుకి, ఫిల్మ్‌కి ఇంతకంటే హాని ఇంకోటి లేదు. తేమ పెరిగినప్పుడు అవి ఉబ్బుతాయి, తగ్గినప్పుడు ముడుచుకుంటాయి, రోజూ ఇదే తంతు. వేడినీ తేమనీ గంట గంటకీ నమోదు చేసే డేటా లాగర్లు పెట్టించి వారం వారం గ్రాఫులు తీశాం. గ్రాఫు పళ్లచక్రంలా పైకీ కిందికీ లేస్తుంటే, దాని పక్కనే ఏసీ స్విచ్ వేసిన టైమ్, ఆపిన టైమ్ రాసి పంపేవాళ్లం. ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు తగ్గిస్తే కాగితం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని మా రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఎన్ని మీటింగుల్లో ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటానో. లక్షల పుస్తకాలకి ఒకేసారి ఆయుష్షు పెంచే మార్గం అంతకుమించి లేదు.

మాటలతో అవ్వని పని ఒకసారి ఒక కవరుతో అయింది. గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫైయర్లకి నిధులు అడిగిన ఫైలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ర్యాకు కింద ఊడ్చినప్పుడు వచ్చే కాగితం పెంకులు పారెయ్యొద్దని మా వాళ్లకి చెప్పి, కొన్నాళ్లు పోగు చేయించాను. ఒక మీటింగులో ఆర్థిక విభాగం పెద్దాయన ముందు తెల్ల కాగితం పరిచి ఆ కవరు దాని మీద ఒంపాను. కొన్ని ముక్కల మీద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒక దాని మీద ఎవరిదో పేరులో సగం ఉంది.

"ఇవేంటి మేడమ్?"

"మీరు కొనిపెట్టిన పుస్తకాలే సర్. ఈ నెలలో నేల మీద రాలినవి."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వేలితో ఒక ముక్కని తాకితే అది ఇంకా చిన్న ముక్కలైంది. "ఇవి మళ్లీ అతకలేరా?" అని అడిగారు. లేదన్నాను. ఫైలు ఆ నెలలోనే కదిలింది. ఆయన మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. అంకెలతో పని చేసే మనిషికి ఇంకో అంకె చూపిస్తే పక్కన పెట్టగలడు, కళ్లముందు పొడి అవుతున్న పేజీని పక్కన పెట్టలేకపోయాడు.

ఈ రంగం ఇలా ఆలోచించడం మొదలుపెట్టింది ఒక వరద తర్వాత. 1966 నవంబర్ 4న ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లారెన్స్‌ని ముంచేసింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలోనే పది లక్షలకి పైగా పుస్తకాలు, పత్రికలు, పత్రాలు నీటిలో, బురదలో, హీటింగ్ కోసం వాడే నూనెలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విద్యార్థులు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బురద పుస్తకాలు పైకి అందించారు, అక్కడివాళ్లు వాళ్లని బురద దేవదూతలని పిలిచారు. పొగాకు ఆరబెట్టే కొలిముల్లో పుస్తకాలు ఆరబెట్టారు. ఇంగ్లాండ్ నుంచి వెళ్లిన పీటర్ వాటర్స్ లాంటి వాళ్లు అక్కడే ఒక కఠినమైన విషయం గమనించారు. ఇన్ని లక్షల పుస్తకాల్లో ఒక్కొక్కదాన్ని పూర్తిగా బాగుచేస్తూ కూర్చుంటే ఏ తరానికీ పని పూర్తవ్వదు. వాటర్స్ ఆ తర్వాత అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వెళ్లి, దశలవారీ సంరక్షణ అనే ఆలోచనని నిలబెట్టారు. అంటే ముందు అన్నిటినీ ప్రమాదం నుంచి తప్పించి, కొలతకి సరిపోయే మంచి పెట్టెలో పెట్టెయ్యడం, పూర్తి వైద్యం అవసరాన్ని బట్టి తర్వాత. ఆమ్లం లేని అట్టతో చేసిన ఆ సాదా పెట్టె దుమ్మునీ వెలుతురునీ ఆపుతుంది, గదిలో తేమ ఒక్కసారిగా మారినా లోపల నెమ్మదిగా మారేలా చూస్తుంది, పైనుంచి నీళ్లు కారినా కాసేపు కాపాడుతుంది. మా దగ్గర పెట్టెల పని మొదలుపెట్టినప్పుడు కుట్టు పని నేర్చుకున్న కుర్రాళ్లు నిరుత్సాహపడ్డారు. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా కొలతలు తీయించాను.

చెయ్యకుండా ఆగడం కూడా సంరక్షణే అని ఈ రంగానికి నేర్పిన పాఠాలు కొన్ని ఉన్నాయి. ఇందాక చెప్పిన బారోనే 1930లలో పెళుసు కాగితాన్ని సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడితో అతికించే లామినేషన్ తెచ్చాడు. ఆ రోజుల్లో అదే ఆధునికం. ప్రపంచమంతా దస్తావేజులు లామినేట్ చేశారు, మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆమ్లం తియ్యకుండా లోపల బంధించినవి ఆ పొరల మధ్యే పాడైపోతూ వచ్చాయి, విప్పాలంటే ప్లాస్టిక్‌ని కరిగించే అసిటోన్ తొట్టెలో నానబెట్టాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒకేసారి పెద్ద సంఖ్యలో పుస్తకాల ఆమ్లం తీసెయ్యడానికి డైఇథైల్ జింక్ వాయువుని ప్రయత్నించింది. గాలి తగిలితేనే అంటుకునే పదార్థం అది. 1985-86లో నాసా కేంద్రంలో ఆ ప్రయోగాల్లో ప్రమాదాలు జరిగాయి, చివరికి ఆ దారి వదిలేశారు. ఇప్పుడు వాడే మెగ్నీషియం ఆక్సైడ్ పద్ధతి ఎంతో నెమ్మదైనది. అన్నిటికంటే మేలు చేసిన మార్పు మాత్రం అసలు కాగితం తయారీలోనే వచ్చింది. 1994లో వచ్చిన ఐఎస్ఓ 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం శాశ్వత కాగితం ఎలా ఉండాలో చెబుతుంది, అందులో ఆమ్లాన్ని అడ్డుకునేలా కాల్షియం కార్బొనేట్ లాంటి క్షార నిల్వ ఉండాలి. కొత్త పుస్తకం కొనేటప్పుడు దాని కాగితం గురించి అడిగే పాఠకులు పెరగాలని నాకు ఇప్పటికీ ఆశ.

ఇక నీళ్ల సంగతి. ఒక సెలవు రోజు రాత్రి బేస్‌మెంట్ స్టాక్‌లో పైపు పగిలింది. సెక్యూరిటీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు అతని గొంతులోనే విషయం అర్థమైంది. నేను వెళ్లేసరికి కింది రెండు వరుసలు తడిసిపోయాయి. తడిసిన పుస్తకం ఎంత ఉబ్బుతుందో చూడని వాళ్లకి చెప్పినా నమ్మరు. బిగించి సర్దిన ర్యాకులో పుస్తకాలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుని, వెన్నులు విల్లులా వంగి, కొన్ని వాటంతటవే బయటికి వచ్చి పడుతున్నాయి. ఇలాంటప్పుడు చెయ్యాల్సిన మొదటి పని పుస్తకాలు ముట్టుకోకపోవడం. ముందు నీళ్లు ఆపాలి, కరెంటు చూసుకోవాలి, మనుషులకి ప్రమాదం లేదని తేలాలి. ఆ తర్వాత గడియారంతో పోటీ. 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది.

మా ప్లాన్‌లో ముందే రాసిపెట్టిన శీతల గిడ్డంగి నంబరు ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది. తడి పుస్తకాన్ని గడ్డకట్టిస్తే బూజు ఆగిపోతుంది, సిరా పాకదు, మనకి ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. ఆ తర్వాత వాక్యూమ్ ఫ్రీజ్ డ్రైయింగ్‌లో ఆ మంచు నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోతుంది. ముందు ఆర్ట్ పేపర్ పుస్తకాలు తీయించాను, ఫోటోలున్న నున్నటి పేజీల పుస్తకాలు. వాటి పూత తడిసి ఆరితే పేజీలన్నీ కలిసి ఇటుకలా అయిపోతాయి, ఇక ఎవరూ విప్పలేరు. ఒక్కొక్క పుస్తకాన్ని తెరవకుండా, బురద తుడవకుండా, ఫ్రీజర్ పేపర్‌లో చుట్టి, వెన్ను కిందికి వచ్చేలా ప్లాస్టిక్ ట్రేల్లో ఒకే వరుసగా సర్దాలి. ఉన్నది ఉన్నట్టు చుట్టండి అని చెబుతుంటే మా కుర్రాళ్ల చేతులు వినడం లేదు, తెరిచి ఆరబెట్టాలనే ఆత్రం. ఇంత పని నేర్చుకున్న చేతులు మరి. తెల్లవారేసరికి హౌస్‌కీపింగ్ వాళ్లు కూడా మాతో పాటు వరుసలో నిలబడి ట్రేలు అందిస్తున్నారు, ఎవరూ పిలవకుండానే. అందులో ఒకామె, నాకు అప్పటిదాకా పేరు కూడా తెలియని ఆవిడ, ప్రతి ట్రే మీద ర్యాకు నంబరు రాయించుకున్నాకే కదలనిచ్చింది. ఆ నంబర్లే లేకపోతే తర్వాత నెలల తరబడి అవస్థ పడేవాళ్లం.

1986 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్ సెంట్రల్ లైబ్రరీ కాలిపోయినప్పుడు ఇంచుమించు 4 లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి, మంటలార్పే నీళ్లకి తడిస్తే గడ్డకట్టించి బాగుచేసుకున్నవి అంతకంటే ఎక్కువ. 2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్ నగర ఆర్కైవ్స్ భవనం పక్కన మెట్రో తవ్వకాలు జరుగుతుండగా భవనమే కూలిపోయింది. మట్టిలోంచి, నేల అడుగు నీటిలోంచి పత్రాలు ఏరడానికి ఏళ్లు పట్టింది, దాదాపు అన్నీ ఏరారు. కొలోన్ వార్త చూసిన మర్నాడే మా భవనం చుట్టూ ఎక్కడెక్కడ తవ్వుతున్నారో మ్యాపు తెప్పించుకున్నాను.

పురుగుల గురించి ఎంతైనా రాయొచ్చు, తగ్గించుకుంటాను. రామబాణం పురుగు కనబడగానే మందు కొట్టే రోజులు పోయాయి. మా ముందు తరం వాళ్లు ఇథిలీన్ ఆక్సైడ్ లాంటివి వాడారు, అది పుస్తకాల కంటే మనుషులకి ఎక్కువ ప్రమాదం. జిగురు ట్రాపులు పెట్టి ఏ పురుగు ఎక్కడ, ఏ కాలంలో పడుతోందో లెక్క రాసుకోవడం, తేమ తగ్గించడం, సోకినవాటిని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచడం, ఇంతే.

ఫిల్మ్ గది తలుపు తెరిచినప్పుడు మొదటిసారి వెనిగర్ వాసన ముక్కుకి కొట్టిన రోజు బాగా గుర్తు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత ఫిల్మ్ పాడవడం మొదలైతే అసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం దాన్నే ఇంకా వేగంగా పాడుచేస్తుంది, పక్క డబ్బాలకి కూడా అంటిస్తుంది. డబ్బాల్లో చిన్న నీలం కాగితపు స్ట్రిప్పులు పెడితే తీవ్రతని బట్టి ఆకుపచ్చకి, పసుపుకి తిరుగుతాయి. పసుపు తిరిగినవన్నీ వేరు చేసి చల్లటి గదికి పంపాం. పేజీల్ని చాలా చిన్న ఫోటోలుగా తీసి దాచే మైక్రోఫిల్మ్ మీద నాకు గౌరవం ఉంది, పాలియెస్టర్ మీద సరిగ్గా ప్రాసెస్ చేసింది కొన్ని వందల ఏళ్లు ఉంటుంది, చూడటానికి ఒక కటకం, ఒక దీపం చాలు. కానీ ఫిల్మ్ తీశాం కదా అని అసలు పత్రికల బౌండ్ వాల్యూములు కోసి పారేసిన పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. రంగుల పేజీలు నలుపు తెలుపు అయ్యాయి, మడతలో పోయిన వరుసలు ఇక ఎక్కడా లేవు. నా చేతిలో అధికారం ఉన్నంతకాలం ఫిల్మ్ తీసినా అసలు ప్రతిని పారెయ్యనివ్వలేదు.

డిజిటల్ వచ్చాక ఇక మీ పని అయిపోయినట్టే కదా అని చాలామంది అన్నారు. అసలు పని అప్పుడే పెరిగింది. బీబీసీ 1986లో డూమ్స్‌డే ప్రాజెక్టు పేరుతో బ్రిటన్ జనజీవితాన్ని లేజర్ డిస్కుల మీద భద్రపరిచింది. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలు దొరకడమే కష్టమైంది. దానికి ఆ పేరు వచ్చింది ఇంగ్లాండ్ భూముల వివరాలు రాసిన డూమ్స్‌డే గ్రంథం నుంచి; 1086 నాటి ఆ అసలు గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ కంటితో చదవొచ్చు. స్కాన్ చేసి హార్డ్‌డిస్కులో పెడితే సంరక్షించినట్టు కాదని మా ఐటీ వాళ్లతో గొడవపడి, తర్వాత వాళ్లతోనే స్నేహం చేసుకున్నాను. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్, అంటే ఫైలు కొంచెం మారినా మారిపోయే గుర్తు అంకె, తీసి, వేరు వేరు చోట్ల ప్రతులు పెట్టి, అవి మారలేదని తరచూ సరిచూడటం వాళ్లకి నచ్చింది. మా పెద్దాయన పుస్తకం అంచులు చూసినట్టే వాళ్లు లాగ్ ఫైళ్లు చూసేవాళ్లు.

ఇంత రాశాక కూడా, ఈ ఉద్యోగంలో నా మీద అన్నిటికంటే ఎక్కువ భారం పెట్టిన విషయం ఒకటి మిగిలింది. ఎంచుకోవడం. అన్నిటినీ కాపాడలేం. ఏది ఒక్కటే ప్రతి ఉంది, ఏది ఇంకెక్కడైనా ఉంది, దేన్ని జనం ఎక్కువగా అడుగుతున్నారు, ఏది ఇంకో పదేళ్లు ఆగగలదు, ఇవన్నీ చూసి జాబితా రాయాలి. జాబితా కింద ఒక గీత గీయాలి. గీత కింద ఉన్నవాటి పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకసారి బంగారు అంచుల పెద్ద గ్రంథం ఒకవైపు, బేస్‌మెంట్‌లో కట్టలు కట్టి పడేసిన పాత రిజిస్టర్లు ఇంకోవైపు, రెండిట్లో ఒకదానికే డబ్బు. గ్రంథానికి దాత సిద్ధంగా ఉన్నారు, ఫోటో దిగొచ్చు, పేరు పలక పెట్టొచ్చు. కానీ దానికి ఇంకా ప్రతులున్నాయి, మా ప్రతి స్థితి కూడా ఫరవాలేదు. రిజిస్టర్లలో మామూలు మనుషుల పేర్లు, వాళ్ల భూములు, వాళ్ల అప్పులు, వాళ్ల పిల్లల పుట్టిన రోజులు, ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. నేను రిజిస్టర్ల వైపు నిలబడ్డాను. దాతని ఒప్పించడానికి చాలాసార్లు వెళ్లాను, ఒకసారి చెయ్యి పట్టుకుని బేస్‌మెంట్‌కి తీసుకెళ్లి కట్ట విప్పి చూపించాను. ఆయన ఒక పేజీ చదువుకుంటూ అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయారు. డబ్బు ఇచ్చారు, పేరు పలక వద్దన్నారు. అలాంటి వాళ్లూ ఉన్నారు, తక్కువ మంది అయినా.

ఇప్పుడు నా కుర్చీలో ఉన్నది ఆ సర్వేలో టిక్కుల గురించి అడిగిన అమ్మాయే. మా కాలంలో స్టాక్ గది అంటే ఏడాది పొడవునా 20 డిగ్రీలు, 50 శాతం తేమ, అటూ ఇటూ కదలకూడదు అనే పట్టుదల ఉండేది. తను వచ్చాక, కాలాన్ని బట్టి నెమ్మదిగా కొంచెం పైకీ కిందికీ పోనిస్తే కాగితానికి హాని లేదని, కరెంటు బాగా మిగులుతుందని, చలికాలంలో ఇంకా చల్లగా ఉంచుకోవచ్చని చెప్పి ఆ పాత అంకెల్ని మార్చేసింది. మొదట విన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ఏడాది గ్రాఫులు పంపింది, కూర్చుని ఒక్కొక్క నెలా చూశాను. తను చేసింది సరైన పని. మిగిలిన డబ్బుతో అసిటేట్ ఫిల్మ్‌కి ఇంకో చల్లటి గది కట్టిస్తోంది. దాని డ్రెయినేజీ పైపు ఎటువైపు నుంచి వస్తోందో మాత్రం నిన్న ఫోన్ చేసి అడిగాను.